ఆ పరుగుకు నేను రాసిన కారణం

మా ల్యాంప్ రూం కాక పోయాడు. రాష్ట్రం వచ్చి అప్పటికి ఇంకా నెల కాలేదు. గోదావరిఖని చౌరస్తాలో సంబరాలకు కట్టిన రంగు కాగితాలు తొలి వానకు తడిసి తీగలకు అతుక్కుపోయి ఉన్నాయి. నేను బడిలో హాజరు పిలుస్తుంటే ఫోన్ మోగింది. అవతల చిన్నమ్మ, అంటే కాక భార్య.

"బిడ్డా, మీ కాక పోయిండు" అంది. "పొద్దుగాల చాయ్ తాగి జర ఒరుగుత అన్నడు. మల్ల లేవలే. రేపు రెండు గంటలకు మట్టి. నువ్వు వస్తవు గద?"

వస్తావు కదా అని ఆమె అడిగిన తీరులో నాకేదో అనుమానం వినిపించింది. ఆమె మామూలుగానే అడిగి ఉంటుంది. అనుమానం నాలోది. తొమ్మిదేళ్లుగా ఆయన ఎదుట పది నిమిషాలు కుదురుగా కూర్చోలేక, క్రిస్మస్‌కో కొత్త సంవత్సరానికో పలకరించి తప్పించుకు తిరిగిన మనిషిని నేను.

ఈ పత్రికలో నా కథలు చదివేవారిలో కొందరికి ల్యాంప్ రూం కథ గుర్తుండవచ్చు. బొగ్గు గనిలో ఒకరు చనిపోతే ఇంకొకరి ఇంటికి కబురు పోయిన కథ. దానికి బహుమతి వచ్చింది. నా పుస్తకంలో అదే మొదటి కథ అయింది. ఉత్తరాలు రాసి మెచ్చుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కథ నాకు ఇచ్చింది కాక. ఇచ్చిన మనిషి మీదే నేను అందులో ఒక తప్పు మోపాను. అది ఆయన తప్పు కాదని చెప్పాల్సిన చోట, ఆయన బతికుండగా చెప్పలేదు. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను, సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మా నాయనది కాసిపేట గని. పెళ్లై గోదావరిఖని కంపెనీ క్వార్టర్లకు వచ్చేసరికి మా గోడ అవతలి ఇల్లు కాకది. వాళ్లు క్రైస్తవులు, ఆయన తండ్రి కూడా గనిలోనే పనిచేశాడు. నేను వచ్చిన మొదటి రోజే ఆయన గోడ మీదుగా తల పెట్టి, "ఏ గని బిడ్డవమ్మా నువ్వు? మీ నాయన ల్యాంప్ నంబర్ ఎంత?" అని అడిగాడు. కొత్త కోడలిని ఊరు అడిగేవాళ్లను చూశాను, చదువు అడిగేవాళ్లను చూశాను గానీ దీపం నంబరు అడిగిన మనిషిని అప్పుడే చూడటం. నేను టక్కున చెప్పేశాను. ఆయన సంబరంగా లోపలికి కేకేసి, "ఇగో సూడు, గిది అసలు గని పిల్ల" అని చిన్నమ్మకు చూపించాడు. ఆ రోజు నుంచి నాకు కాక అయ్యాడు.

గని సంగతులు తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. భూమి లోపలికి దిగే ప్రతి మనిషీ ముందు ల్యాంప్ రూం కిటికీ దగ్గరకు రావాలి. తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం, నడుముకు కట్టుకునే బ్యాటరీ తీసుకోవాలి. ఆ దీపం తీసిన కొక్కేనికి బిళ్లను తగిలిస్తారు. షిఫ్టు దిగి వచ్చి దీపం అప్పగిస్తే బిళ్ల తిరిగి చేతికొస్తుంది. "బిళ్ల కొక్కేనికి ఉన్నదంటె మనిషి లోపటున్నట్టు" అనేవాడు కాక. షిఫ్టు అయిపోయినా చివరి బిళ్ల పోయేదాకా ఆయన ఇంటికి వచ్చేవాడు కాదు. చిన్నమ్మ పొయ్యి మీద కూర మళ్లీ వేడి చేస్తూ గొణుక్కునేది.

ఆయనకు మనుషుల పేర్లకన్నా నంబర్లు బాగా వచ్చు. మా ఆయన కోసం వచ్చినా, "రెండొందల ముప్పై ఇంట్ల ఉన్నడా?" అని అడిగేవాడు. ఒకసారి పెళ్లి పత్రికల మీద పేర్లు రాయమని ఎవరో ఇస్తే, ఒక్కొక్కరి పేరూ గుర్తు చేసుకోవడానికి నంబర్లు పలుక్కుంటూ సాయంత్రమంతా కూర్చున్నాడు. ఆయన చొక్కాల్లో ఒకటి తప్ప అన్నిటికీ పొట్ట దగ్గర చిన్న చిన్న చిల్లులుండేవి, బ్యాటరీ యాసిడ్ చింది పడ్డవి. దీపం సరిగా ఉందో లేదో చూడటానికి వెలుగును తన అరచేతిలో వేసుకుని చూసేవాడు. ఇంట్లో టార్చిలైటు కొన్నా అంతే, ముందు అరచేయి చూసుకోవాలి. చర్చిలో ఆరాధన అయ్యాక అందరూ బయటికి వచ్చేదాకా తలుపు దగ్గర నిలబడి, లోపల ఎవరూ మిగల్లేదని చూసుకునే ఇంటిదారి పట్టేవాడు.

నేను అప్పుడప్పుడే కథలు రాస్తున్నాను. ఒక్కటీ అచ్చు కాలేదు. ఒక సాయంత్రం కాకకు ఒక కథ చదివి వినిపించాను. అందులో సముద్రం ఉంది, వెన్నెల ఉంది, ఒడ్డున ఇద్దరు ప్రేమికులున్నారు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"సముద్రం సూసినవా బిడ్డా?"

"లేదు కాకా."

"మరి?" అన్నాడు. ఎగతాళి కాదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

అప్పుడు నాకు చాలా ఉక్రోషం వచ్చింది. కథ అంటే ఏమిటో ఈయనకేం తెలుసు అనుకున్నాను. కానీ ఆయన చెప్పే ముచ్చట్లు మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగిపోయేవి నాకు. ఎవరు ఏ దీపం తీసుకున్నారు, కిటికీ దగ్గర ఏమన్నారు, చెయ్యి ఎలా చాపారు, అక్కడి నుంచి మొదలుపెట్టేవాడు. సరిగ్గా రసపట్టులో ఆపేసేవాడు. తర్వాత లోపల ఏమైంది కాకా అంటే, "గక్కడ నేను లేను. నేను లేనిది నేను జెప్ప" అనేవాడు. కిటికీలోంచి కనబడినంతే ఆయన కథ. ఎంత బతిమాలినా అవతలి అడుగు వేసేవాడు కాదు. కథలు దొరకడం లేదని నేను ఏడుస్తున్న రోజుల్లో, గోడకు అవతల ఇన్ని కథలున్న మనిషి సగంలో ఆపేస్తుంటే కోపమొచ్చేది.

ఆ సంఘటన కూడా ఆయన గోడ మీద మోచేతులు పెట్టుకునే చెప్పాడు. నేను ఆ కాలనీకి రాకముందు జరిగింది. బొగ్గు నింపే ఇనుప తొట్లను, అంటే టబ్బులను, పట్టాల మీద తోసే ఒకాయన మొదటి షిఫ్టుకు వచ్చాడు. ఆయన దీపం ఆ రోజు సరిగా చార్జ్ కాలేదు, అరచేతిలో వేస్తే వెలుగు మసకగా పడింది. ఆ దీపంతో లోపలికి పంపడానికి కాకకు మనసొప్పలేదు. పక్కనే నాలుగు వందల పదిహేడో నంబరు దీపం నిండుగా వెలుగుతోంది, దాని మనిషి ఆ రోజు డ్యూటీకి రాలేదు. కాక ఆ దీపం ఇచ్చాడు. టబ్బులాయన ఇచ్చిన బిళ్లను కాకే ఆ కొక్కేనికి తగిలించాడు. దీపం మారిందని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాడు. ఇంతవరకు ఎక్కడా పొరపాటు లేదు.

పదకొండు దాటాక లోపల పైకప్పు కూలింది. చనిపోయిన మనిషిని మొహం చూసి గుర్తుపట్టే వీలు లేక, లోపలివాళ్లు బ్యాటరీ మీది నంబరు చదివి ఫోన్లో పైకి చెప్పారు. ఫోన్ అందుకున్నతను నాలుగు వందల పదిహేడు అని గట్టిగా అన్నాడు. బయట నిలబడ్డ ఒకతను అది విని, ఎవరూ బుక్కు చూడకముందే సైకిలెక్కి కాలనీకి పోయాడు.

ఆ నంబరు అసలు మనిషి పొద్దున్నే టిఫిన్ కట్టించుకుని, డ్యూటీకని భార్యకు చెప్పి ఇల్లు కదిలాడు. దారిలో బుద్ధి మారి మంచిర్యాలకు సినిమాకు పోయాడు. మా దగ్గర అలాంటి నాగాలు కొత్తేం కాదు. ఇంట్లో ఆమెకేం తెలుసు? కబురు వినగానే గడపలోనే కూలబడింది. అందరికన్నా ముందు వచ్చి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగిస్తున్నది ఎదురింటి ఇల్లాలు. ఆ ఇల్లాలు టబ్బులు తోసే ఆయన భార్య.

మిగిలింది కాక మాటల్లోనే చెప్పాలి. "నంబర్ ఇని కొక్కెం దిక్కు సూసిన. బిళ్ల వేరేటోనిది ఉన్నది. సర్వీసు మొత్తంల డ్యూటీ మీద ల్యాంప్ రూం ఇడిచిపెట్టింది గా ఒక్కపారే బిడ్డా. ఇంకొకన్ని కిటికిల కూసోవెట్టి ఉరికిన. చెప్పులు ఏడ జారినయో ఎరుక లేదు. పోయేటాళ్లకు గామె ఇంకొకామెకు నీళ్లు తాపుతున్నది. ఏమని జెప్తం? గామె చేతిల గ్లాసు తీసుకున్న. బిడ్డా, నువ్వు కూసో అన్న. గంతే. గామెకు సమజైంది."

"అప్పుడు ఆమె ఏమనుకుందో కాకా?"

"నాకేం ఎరుక? నేను గామె మనసుల లేను గద" అన్నాడు. లేచి చేతులు దులుపుకుని లోపలికి పోయాడు.

ఆమెకు భర్త బదులు కంపెనీ క్యాంటీన్లో పని ఇచ్చింది. అందరూ క్యాంటీన్ అక్క అంటారు. ఏటా భర్త సంవత్సరీకం నాడు ఆమె కాకను పిలిచేది. ఆయన క్రైస్తవుడు కదా, చనిపోయినవాళ్లకు పెట్టిన అన్నం తినడు. అందుకని పటం ముందు విస్తరి పెట్టకముందే ఆయన కంచం వడ్డించి పక్కన మూతపెట్టేది. ఆ మర్యాద ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఆయన ఒక్కడే పోయి, తిని, చెయ్యి కడుక్కుని వచ్చేవాడు. ఆ రోజు మాత్రం యాసిడ్ చిల్లులు లేని చొక్కా వేసుకునేవాడు.

నేను ఆ ముచ్చటను పది రోజుల్లో కథగా రాశాను. మొదటిసారి జరిగింది జరిగినట్టే రాశాను. చదువుకుంటే చప్పగా అనిపించింది. దీపం ఇచ్చినవాడిది తప్పు కాదు, తీసుకున్నవాడిది కాదు, సైకిలెక్కినవాడు కూడా మంచికే పోయాడు. ఎవరి తప్పూ లేకపోతే కథ ఎట్లా నిలబడుతుంది అనుకున్నాను. మంచివాడు కథకు పనికి రాడనుకున్నాను. ఇంత తెలివి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో!

అందుకని ల్యాంప్ రూం మనిషికి ముందురోజు తాగుడు పెట్టాను. తల పగిలిపోతూ డ్యూటీకి వచ్చి, దీపం మార్చి, బుక్కులో రాయడం మరిచిపోయినట్టు రాశాను. పరుగు ఉంచాను, జారిన చెప్పులు ఉంచాను, గ్లాసు కూడా ఉంచాను. కారణం మాత్రం మార్చాను. తన తప్పు బయటపడుతుందని తెలిసి, ఆ భయంతో పరుగెత్తుతాడు నా కథలో మనిషి. గ్లాసు అందుకునేటప్పుడు అతని చెయ్యి వణుకుతుంది. ఆ వణుకు గురించి ఒక పేరా రాశాను, ఉత్తరాలు రాసినవాళ్లంతా ఆ పేరానే మెచ్చుకున్నారు.

పేర్లు మార్చాను. ఊరు మార్చాను. ల్యాంప్ రూం మనిషికి మీసాలు పెట్టి, మతం మార్చి, పిల్లల్లేకుండా చేశాను. నంబరు మాత్రం మార్చలేదు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. గని పిల్లను. మా నాయన నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బయటి ఊళ్లవాళ్లకు అది ఒట్టి అంకె, మా వాళ్లకు మనిషి మొహం. ఒకసారి ఆ అంకెను కొట్టేసి వేరేది రాసి కూడా చూశాను. అప్పుడు కథంతా కల్పించినట్టు కనబడింది. మళ్లీ పాత అంకెనే రాసేశాను. ఆ నంబరులో ఉన్న నిజం నాకు కావాలి, ఆ నిజంతో నా అబద్ధం నిలబడాలి. అప్పుడు ఇంత విడమరిచి అనుకోలేదు గానీ చేసింది అదే.

బహుమతి వచ్చాక ఒక హాల్లో సన్మానం పెట్టారు. కాకను నేనే రమ్మన్నాను. చిల్లుల్లేని చొక్కా వేసుకుని, చిన్నమ్మను వెంటబెట్టుకుని వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడు. ఆయన అప్పటికి కథ చదవలేదు. శాలువా కప్పడం అయ్యాక వెనక నుంచి ఎవరో లేచి, "మేడం, ఇది నిజంగ జరిగిందా, కల్పించిండ్రా?" అని అడిగారు.

కల్పించాను అంటే శాలువా బరువు తగ్గిపోతుందనిపించింది నాకు. "నిజంగా జరిగిందే. చూసిన మనిషి నోట విని ఉన్నదున్నట్టు రాశాను" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. మూడో వరుస వైపు చెయ్యి చూపించాను. "ఆయనే" అన్నాను.

అందరూ తలలు తిప్పి చూశారు. చప్పట్లు కొట్టారు. కాక గాభరాగా లేచి నిలబడి, అన్ని వైపులకూ తిరిగి నమస్కారం పెట్టాడు. తన ముచ్చట అందరికీ నచ్చిందనుకున్నాడు. చిన్నమ్మ నవ్వుతూ ఆయన చొక్కా కొస పట్టి కూర్చోబెట్టింది. ఇన్నేళ్లలో నాకు పీడకలలేమైనా వచ్చాయంటే అందులో ఆ నమస్కారమే ఉంది.

వారం తర్వాత గోడ దగ్గరికి వచ్చాడు. "కత సదివిన బిడ్డా. మెల్లగ సదివిన, రెండు దినాలు వట్టింది. బిళ్ల, కొక్కెం, కిటికి, అన్ని కరెక్ట్ రాసినవ్" అన్నాడు. మళ్లీ తనే, "అందర్ని మార్చినవు. నంబర్ ఎందుకు మార్చలే?" అని అడిగాడు.

"కథ కద కాకా. కల్పితమని అందరికి తెలుస్తది."

"సభల నిజమన్నవు గద బిడ్డా."

ఆయన గొంతు పెంచలేదు. నాలుగు తిట్లు తిట్టినా నాకు సులువయ్యేది. గోడ మీద ఎండిన వేపాకు ఒకటి పడి ఉంటే దాన్ని గోటితో తీసి అవతల పడేసి, లోపలికి వెళ్లిపోయాడు.

రెండు నెలలకు సంవత్సరీకం వచ్చింది. ఆ రోజు కాక చొక్కా మార్చుకుని మధ్యాహ్నం దాకా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు. "ఈ యాడాది పిల్వలే బిడ్డా" అన్నాడు.

"నేను పోయి చెప్త కాకా. ఈ వారంలనే చెప్త."

"నువ్వే జెప్పాలె. నేను జెప్పుకుంటె నన్ను నేను కాపాడుకున్నట్టుంటది. బుక్కు సూపెడుదమంటె పాత బుక్కులు ఎన్నడో చెదలు వట్టిపాయె. నీ మాటనే ఉన్నది ఇగ" అన్నాడు.

నేను పోయాను కూడా. క్యాంటీన్ వెనక వాకిట్లో అక్క చాయ్ వడగడుతోంది. నన్ను చూసి ఒక గ్లాసు నింపి ఇచ్చింది. నేను నోరు తెరవకముందే తనే అంది: "టీచరమ్మా, నీ కత మా బిడ్డ సదివి ఇనిపించింది. నాకు ఎరుకలేని ముచ్చట ఎరుక జేసినవు. నీ కడుపు సల్లగుండ."

నాకు కృతజ్ఞత చెబుతోంది ఆ మనిషి! ఇప్పుడు అదంతా అబద్ధమని ఎట్లా అనాలి? అనాలి. అనడానికే పోయాను. కానీ ఆమె నా వైపు చూస్తున్న చూపులో నేను చాలా పెద్ద మనిషిని. ఆ చాయ్ మొత్తం తాగాను. బాగుందక్కా అన్నాను. ఖాళీ గ్లాసు ఇచ్చి వచ్చేశాను. కాక అడిగితే అక్క దొరకలేదని చెప్పాను. ఆయన మళ్లీ అడగలేదు.

తర్వాత సాకులకేం కొదవ? పిల్లల పరీక్షలన్నాను, పుస్తకం పని అన్నాను. పుస్తకంలో మొదటి పేజీలోనే ఇవన్నీ కల్పిత కథలని అచ్చు వేశారు కదా, అది చాలదా అనుకున్నాను. ఆ పేజీ ఎవరు చదువుతారు? నేను కూడా వేరేవాళ్ల పుస్తకాల్లో ఎన్నడూ చదవలేదు. కాక రిటైరయ్యి క్వార్టర్ ఖాళీ చేసి, చర్చి దగ్గర రెండు గదుల ఇంటికి మారాడు. గోడ అవతల వేరేవాళ్లు వచ్చారు. నాకు కాస్త ఊపిరాడింది. ఈ మాట రాయడానికి చెయ్యి వెనకాడుతోంది గానీ నిజం అదే.

తెలంగాణ కోసం సమ్మె జరిగి గనులన్నీ ఆగిపోయిన రోజుల్లో ఒకసారి వాళ్లింటికి పోయాను. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, మొహం తేటగా ఉంది. "అందరి బిళ్లలు ఇండ్లల్ల ఉన్నయి. లోపట ఒక్కడు గుడ లేడు. ఎన్నేండ్లకో, మంచిగ నిద్రవడ్తున్నది బిడ్డా" అన్నాడు. రిటైరై ఏళ్లు గడిచినా ఆయన మనసులో కొక్కేలు అట్లాగే ఉన్నాయన్నమాట. లేచి వస్తుంటే, "కొత్తది ఏమన్న రాస్తున్నవా?" అని అడిగాడు. లేదన్నాను. "రాయి. నీకు మంచిగొస్తది" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. ఆయనకు ఎత్తిపొడవడం రాదు. చర్చి మూల తిరిగేదాకా నేను వెనక్కి చూడలేదు.

మట్టి రోజు రెండింటికల్లా చాలామంది వచ్చారు. ఆయన దగ్గర దీపం తీసుకున్న పాత కార్మికులు ఒకరికొకరు నంబర్లు చెప్పుకుని పలకరించుకుంటున్నారు. పాస్టరు ప్రార్థన చేశాడు. చిన్నమ్మ, పిల్లలు, తర్వాత మేమందరం తలా పిడికెడు మట్టి వేశాం. గుంత పూడ్చి, పైన బంతిపూలు చల్లారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చిన్నమ్మను ఆటో ఎక్కించాను గానీ నేను ఎక్కలేకపోయాను. అందరూ బయటికి పోయేదాకా నిలబడే మనిషి ఆయన. ఆ పని ఇవాళ ఇంకెవరు చేస్తారనిపించి ఉండిపోయాను.

మూడున్నర దాటాక గేటు దగ్గర క్యాంటీన్ అక్క కనిపించింది. మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చింది, కొంగుకు ఇంకా చాయ్ మరకలున్నాయి. లోపలికి రాలేదు. గేటు చువ్వ పట్టుకుని దూరం నుంచే చూస్తోంది. రావాలనిపించి వచ్చింది, వచ్చాక అడుగు పడటం లేదు. ఆ అడుగుకు అడ్డం పడింది నా కథ. నేను నడిచి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను.

"అక్కా, ఒక మాట చెప్పాలె. కాక ఆ దినం తాగలే. బుక్కుల రాసిండు, సంతకం పెట్టిండు. ఆయనది ఏ తప్పు లేకుండె. అవన్ని నేను నా కథ కోసం పెట్టుకున్న మాటలు. సభల నిజమన్నది గుడ అబద్ధమే."

ఆమె గేటు చువ్వ వదల్లేదు. నా మొహం వైపు కూడా చూడలేదు.

"మరి ఉరికొచ్చిండు గద?" అంది.

"నీకు వేరేటోళ్లు చెప్పద్దని ఉరికొచ్చిండక్కా. తనే చెప్పాలని వచ్చిండు."

"నేను గుడ గట్లనే అనుకుంటుంటి ముందుగాల" అంది. "నా చేతిల గ్లాసు తీసుకొని కూసో బిడ్డా అన్నడు. మా నాయన అన్నట్టే అన్నడు. నీ కత ఇన్నంక, తప్పు జేసిండు గనుకనే అట్ల ఉరికొచ్చిండు అనుకున్న. గా చెయ్యి వణికిందని రాసినవు గద. వణికిందా అని మస్తు యాది జేసుకున్న. వణికినట్టే అనిపించేది. తొమ్మిదేండ్ల సంది గట్లనే అనుకుంటున్న."

నేను తల దించుకున్నాను.

"ఆయన బతికుండంగ ఒక్కపారి జెప్తే ఏంబోతుండె టీచరమ్మా?"

ఏం పోయేది? నా కోసం నింపిన చాయ్ గ్లాసు పోయేది. ఆమె చూపులో నా పెద్దరికం పోయేది. అంతకు మించి ఏమీ పోయేది కాదు. ఆ మాట కూడా నేను పైకి అనలేకపోయాను.

అక్క గేటు దాటి లోపలికి నడిచింది. చెప్పులు విడిచి సమాధి దగ్గరికి పోయి, అంచు నుంచి పిడికెడు మట్టి తీసుకుంది. తీసుకుని, ఎక్కడ వేయాలో తెలియక నిలబడింది. గుంత ఎప్పుడో పూడిపోయింది. పైన పూలున్నాయి. నేను రెండడుగులు ముందుకు వేశాను.

"నువ్వు పో" అంది తల తిప్పకుండా.

వచ్చేశాను. గేటు దగ్గర ఆగి ఒక్కసారి వెనక్కి చూశాను. అక్క అట్లాగే నిలబడి ఉంది, పిడికిలి మూసే ఉంది. తర్వాత ఆ మట్టి ఏం చేసిందో నాకు తెలియదు. అక్కడ నేను లేను.